అడవి రోడ్డు మీద రెండు చప్పట్లు

ప్రభువులో నా ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మన సంఘంలో పాట మొదలవగానే చిన్నా పెద్దా అందరూ చప్పట్లు కొడతారు కదా, ఆ చప్పట్ల మధ్యలో చేతులు పైట కింద దాచుకుని, పళ్ళు బిగపట్టి, నేల చూపులు చూస్తూ కూర్చున్న ఒక మనిషిని మీలో కొందరైనా గమనించే ఉంటారు. ఆ మనిషిని నేనే. పరుగు పందాల్లో కప్పులు గెలిచింది కాబట్టి దేవుని ముందు కూడా బిగుసుకుని కూర్చుంటుందని నా వెనక అన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళెవరో నాకు తెలుసు, క్షమించేశాను గనుక పేర్లు రాయడం లేదు. అది గర్వం కాదు, భయం. ఎవరైనా రెండు చేతులు కలిపి కొడితే చాలు, నా కాళ్ళు వాటంతట అవే ఎడమవైపుకు జరిగేవి, కూర్చున్నచోటే చెమటలు పట్టేవి. అది ఎందుకో, దానిలోనుంచి నా దేవుడు నన్ను ఎలా బయటికి తెచ్చాడో మన పత్రికలో రాయమని పాస్టర్ గారు ఎన్నోసార్లు అడిగారు. ఇప్పుడు రాయగలుగుతున్నాను, దేవునికే మహిమ.

నా పేరు సువార్త. మాది కొత్తగూడెం అంచున గని కార్మికుల క్వార్టర్లు. నాన్న గనిలో పనిచేసి రిటైరైనవాడు, అమ్మ నా చిన్నప్పుడే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. నేను ఒక చిన్న బడిలో పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని, మిగిలిన ప్రాణమంతా పరుగు మీదే ఉండేది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట ఇది. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మా క్వార్టర్లలోకి వస్తున్నాయి, అడవి రోడ్డు మీద మాత్రం సిగ్నల్ అందేది కాదు. పది కిలోమీటర్ల పరుగులో జిల్లా స్థాయికి వెళ్ళినదాన్ని, బడి అయ్యాక సాయంత్రం ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి పరుగెత్తకపోతే నాకు అన్నం సహించేది కాదు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు ఈ పిల్ల ఇంట్లో ఎప్పుడుంటుందని అడిగితే నాన్న నవ్వి ఊరుకునేవాడు.

లలిత నాకు పరిచయమైంది మండల స్థాయి పందెంలో, నన్ను ఓడించి. క్వార్టర్లు దాటి కల్వర్టు దాటాక రోడ్డు అడవిలోకి మలుపు తిరుగుతుంది, ఆ మలుపు అవతల ఉన్న తండా వాళ్ళది. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతోంది. నాకన్నా చిన్నది, నన్ను అక్కా అనేది, కానీ పరుగులో చిన్నాపెద్దా చూసే రకం కాదు. తెల్లవారకముందే కల్వర్టు దగ్గర కలుసుకుని, టేకు చెట్ల మధ్య రోడ్డు మీద ఇద్దరం కలిసి పరుగెత్తేవాళ్ళం. ఆమె ఎడమ మడమ కొంచెం నేలను రాసుకుంటూ వచ్చేది, చరక్, చరక్ అని, ఆ చప్పుడు వింటూ పరుగెత్తితే నాకు దూరం తెలిసేది కాదు.

మా ఇద్దరికీ ఒక కట్టుబాటు ఉండేది. ముందున్న మనిషి వెనక్కి తిరగకూడదు. తిరిగితే మెడ తిరుగుతుంది, దానితో భుజం తిరుగుతుంది, లయ పోతుంది. వెనకున్న మనిషే ఇద్దరికీ కాపలా, బొగ్గు లారీ వస్తే రెండు చప్పట్లు కొట్టాలి, ముందున్న మనిషి మరో ఆలోచన లేకుండా ఎడమవైపు మట్టిలోకి దిగిపోవాలి. పేరు పెట్టి పిలవవచ్చు కదా అని మొదటి రోజే అడిగాను.

"అడివిల పేరు వెట్టి పిలువద్దక్కా," అంది లలిత. "మా తండాల ఎవ్వలు పిలువరు. చప్పట్లే కొడ్తరు. పేరు ఇంటే మనిషే కాదు, ఇంకోటి గూడ పలుకుతదట."

నేను విశ్వాసిని, ఇట్లాంటివి నమ్మను అని నవ్వాను. నవ్వానే గానీ ఆ రోడ్డు మీద ఆమె పేరు నేను కూడా ఎప్పుడూ పిలవలేదు.

ఆ ఏడు వానలు పడ్డాక లలితకు జ్వరం వచ్చింది. మామూలు చలిజ్వరమే అనుకున్నాం, అది మెదడుకెక్కే మలేరియా. కానిస్టేబుల్ పరుగు పరీక్ష ఇంకా రాకముందే, నిండా ఇరవై రెండేళ్ళు లేని పిల్ల వెళ్ళిపోయింది. తండాలో వాళ్ళమ్మ మంగిలమ్మ తన భాషలో రాగం తీసి ఏడుస్తుంటే నాకు ఒక్క మాట అర్థం కాలేదు, అంతా అర్థమైంది. ఆదివారం మందిరానికి వెళ్ళాను, పాడాను, ప్రార్థించాను, అందరూ ఓదార్చారు, ఏదీ లోపలికి దిగలేదు.

చలికాలం మొదలయ్యాక మళ్ళీ ఒంటరిగా రోడ్డెక్కాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే నా చేతులు ముందుకు ఊగితే కనపడుతున్నాయి, కాళ్ళు కనపడటం లేదు. కల్వర్టు దాటాను, మలుపు దాటాను. పక్షులు ఒక్కసారిగా ఊరుకున్నాయి. అప్పుడు వెనకనుంచి రెండు చప్పట్లు వినిపించాయి. సహోదరులారా, నా బుర్ర ఆలోచించలేదు, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ కాళ్ళే నన్ను ఎడమవైపు మట్టిలోకి దించేశాయి, మరుక్షణం లైట్లు లేని బొగ్గు లారీ ఒకటి నేను పరుగెత్తుతున్న చోటు మీదుగా గాలిలా వెళ్ళిపోయింది. దాని గాలికి నా జడ ముఖం మీద కొట్టింది. బొగ్గు పొడి కళ్ళలో పడింది. నేను వెనక్కి తిరగలేదు. అలాగే నిలబడి, ఏడుస్తూ, నవ్వాను. లలిత వచ్చింది అనుకున్నాను.

ఆ రోజునుంచి నాకు వేరే లోకం లేదు. తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చేది. పరుగు మొదలుపెట్టిన కాసేపటికి వెనక చరక్, చరక్ అని మడమ రాసుకునే చప్పుడు వచ్చేది, మలుపు దాటాక చప్పట్లు వచ్చేవి, నేను మట్టిలోకి దిగేదాన్ని. ఆ తర్వాత ఏ లారీ వచ్చేది కాదు. అయినా దిగేదాన్ని. తిరిగి వచ్చేటప్పుడు ఎర్రమట్టిలో చూస్తే నా బూట్ల అచ్చులు ఒక్క వరుసే ఉండేవి, దాన్ని చూసి కూడా చూడనట్టు వచ్చేసేదాన్ని. ఆ కాలమంతా ఒక్కసారి కూడా తల తిప్పి వెనక్కి చూడలేదు. కట్టుబాటు కదా అని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

ఉదయం ప్రార్థన పోయింది. వాక్యం తెరవడం పోయింది. మోకాళ్ళ మీద కూర్చుంటే నోట్లోంచి ప్రభువా అని రాకుండా లలితా అని వచ్చేది. చలి తగ్గేసరికి నేను చీపురుపుల్లలా అయ్యాను, కాలి ఎముకలో సన్నటి నొప్పి మొదలైంది, కుంటుకుంటూ కూడా పరుగెత్తేదాన్ని. పాస్టర్ గారు ఇంటికి వచ్చి అడిగితే పందెం ఉంది అన్నాను. ఏ పందెమో ఆయన అడగలేదు. మందిరంలో పాటకు చప్పట్లు మొదలైతే మాత్రం తట్టుకోలేకపోయేదాన్ని. ఇంతమంది కొడుతుంటే ఆమె కొట్టేది నాకెలా వినపడుతుంది అని కోపం వచ్చేది.

ఇప్పపూలు రాలే రోజులు వచ్చాయి. అప్పటిదాకా రోడ్డు మీద నా వెనకనుంచి వినిపించిన చప్పట్లు అడవి లోపలినుంచి రావడం మొదలైంది. ఆ తెల్లవారుజామున అవి ఎడమవైపు, చెట్ల మధ్యనుంచి వచ్చాయి. దిగాను. ఇంకొంచెం లోపల మళ్ళీ రెండు. వెళ్ళాను. ఇప్పపూల తీపి వాసన ముక్కుకు కొడుతోంది, కాళ్ళ కింద ఎండుటాకులు, ఆకుల చప్పుడులో నా అడుగులేవో వెనకున్న అడుగులేవో తెలియడం లేదు. మళ్ళీ రెండు. పరుగెత్తాను. ఉన్నట్టుండి కాలి ఎముక పుల్ల విరిగినట్టు లోపల పటుక్కుమంది, బోర్లా పడ్డాను. పడి తలెత్తితే, నా చేతులకు ముందు నేల లేదు. పాత కంకర క్వారీ గుంత, దాని అడుగున నల్లటి నీళ్ళు, నీళ్ళ మీద తేలుతూ తెల్లటి ఇప్పపూలు. ఆ ఎముక ఒక్క అడుగు ఆలస్యంగా విరిగి ఉంటే ఈ సాక్ష్యం రాయడానికి నేను ఉండేదాన్ని కాదు. కాళ్ళు విరగకుండా కాపాడిన దేవునికి స్తోత్రం అని అందరూ చెబుతారు, నా కాలు విరిచి కాపాడిన దేవునికి నేను స్తోత్రం చెప్పుకుంటాను.

పువ్వు ఏరుకుంటున్న ఆడవాళ్ళు నా కేక విని వచ్చారు. వాళ్ళలో మంగిలమ్మ ఉంది. లలిత పిలిచింది, లలిత పిలిచింది అని నేను అంటుంటే ఆమె నా ముఖం వంక అదోలా చూసి, తన పైటకొంగుతో నా నోటి మట్టి తుడిచింది.

ఎముకల డాక్టర్ కట్టు వేసి, ఆ ఎముక చాలా రోజులుగా పగులుతూనే ఉందని, నడవడానికి ఇబ్బంది ఉండదు గానీ పరుగు మాట మరచిపోవాలని చెప్పాడు. నాన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నా పందాలు పోయాయని ఆయన అనుకున్నాడు. నాకు పందాలు గుర్తే లేవు. పరుగు లేకపోతే లలిత ఎలా వస్తుందన్నదే నా ఏడుపు.

వచ్చింది. అదే నేను మీకు చెప్పడానికి భయపడే సంగతి. తండా మా ఇంటికి ఎక్కడో దూరం. అయినా తెల్లవారుతుండగా మా గోడకు అవతల, బాదంచెట్టు కింద, రెండు చప్పట్లు వినిపించేవి. కట్టు కాలితో మంచం దిగి తలుపు దాకా పాకేదాన్ని. నాన్న రెండుసార్లు పట్టుకున్నాడు. మూడోనాటికి తలుపుకు అడ్డంగా చాప వేసుకుని పడుకున్నాడు. నాన్నకు ఏమీ వినపడటం లేదని ఆయన ముఖం చూస్తే తెలిసిపోయేది.

ఆ వారంలోనే మంగిలమ్మ మా ఇంటికి వచ్చింది. మంచం పక్కన నేల మీద కూర్చుని నా కట్టు మీద చెయ్యి వేసింది. మెల్లగా చెప్పింది.

"ఆ చప్పట్లు నేనే కొట్టిన బిడ్డా."

నాకు అర్థం కాలేదు.

"లలిత రోడ్డు మీదికి వోతే నేను చెల్క గట్టు మీద నిలవడి రెండు చప్పట్లు గొట్టి ఇంటికి పిలిచేదాన్ని. అది సచ్చిపోయినంక గూడ నా చేతులు ఊకుంటలేవు. రోజు తెల్లారంగ కొడుతున్న. పువ్వు ఏరవోయినప్పుడు అడివిల గూడ కొట్టిన. నువ్వు ఇంటున్నవని నాకెట్ల తెలుస్తది?"

లారీ వచ్చిన రోజు లారీని చూసి కొట్టావా అని అడిగాను. ఏ లారీ అని అడిగింది. ఆమెకు లారీ సంగతే తెలియదు. నేను చెట్లకు ఇవతల, ఆమె చెట్లకు అవతల, ఆమె తన బిడ్డను పిలుస్తుంటే ఆ బిడ్డే నన్ను పిలుస్తోందని నేను వెళ్ళాను. వెనక వచ్చే అడుగుల సంగతి చెప్పాను. ఎడమ మడమ రాసుకునే చప్పుడు చెప్పాను. అప్పుడు ఆ తల్లి అన్న మాట నేను చచ్చేదాకా మరచిపోను.

"నేను కన్నతల్లిని. గిన్ని దినాలసంది చేతులు నొయ్యంగ పిలుస్తున్న. నాకే రాలేదు. నీకెట్ల వస్తది బిడ్డా?"

ఇద్దరం పట్టుకుని ఏడ్చాం. ఇక తెల్లవారుజామున కొట్టనని నా తల మీద చెయ్యి పెట్టి చెప్పి వెళ్ళింది, ఆ మాట నిలబెట్టుకుంది కూడా. నా కథ అక్కడితో అయిపోవాలి కదా. అయిపోలేదు. మర్నాడు తెల్లవారుతుండగా బాదంచెట్టు కింద రెండు చప్పట్లు వినిపించాయి. ఈసారి నాకు వచ్చింది సంతోషం కాదు, భయం. మంగిలమ్మ కాదు, లలిత కాదు. మరి గోడ అవతల నిలబడి నన్ను రమ్మంటున్నది ఎవరు?

ఆ ఉదయమే నాన్నను పంపి పాస్టర్ గారిని, పాస్టరమ్మను పిలిపించాను. వాళ్ళు ఉపవాసముండి నా మంచం పక్కనే మోకరించారు. వాళ్ళ ప్రార్థన అయ్యాక, ఎన్నో నెలల తర్వాత, నా నోరు తెరిచి నేను ప్రార్థించాను. ప్రభువా, నేను చనిపోయిన పిల్లను పట్టుకుని వేలాడుతున్నాను, నా చేతులు తీయలేకపోతున్నాను, నువ్వే తియ్యి. లలిత నిన్ను ఎరుగదు, కానీ నువ్వు ఆమెను ఎరుగుదువు, ఆమెను నువ్వే చూసుకో, నా వెనక తిప్పకు. నా చెవులు నీకిస్తున్నాను. నన్ను పిలవాలంటే నువ్వు పేరు పెట్టి పిలువు, నేను వస్తాను. అంతే నా ప్రార్థన. ఆ రాత్రి, లలిత పోయిన తర్వాత మొదటిసారి, తెల్లారేదాకా నిద్రపోయాను.

కట్టు విప్పాక నాన్న తన నల్ల సైకిల్ బయటికి తీశాడు. గనికి ముప్పై ఏళ్ళు తొక్కిన బండి, చైనుకు నూనె వేసి, సీటు దించి నా ముందు పెట్టాడు. పరుగెత్తే మనిషికి సైకిల్ అంటే అవమానం, సహోదరులారా, కూర్చుని చేసే పని కూడా ఒక ఆటేనా అని నేనే ఒకప్పుడు ఎగతాళి చేసినదాన్ని. ఎక్కాక తెలిసింది. ఊపిరి నాకు పరుగునుంచి మిగిలింది గానీ తొడలు ఒక్క ఎత్తుకే మంటెత్తిపోయాయి. పరుగులో అలిసిన కాలికి నేల ఆసరా ఇస్తుంది, సైకిల్ మీద కాలు ఆగితే బండి ఆగుతుంది. ఎదురుగాలి అనేది ఒకటి ఉందని ఇరవై ఆరేళ్ళకు తెలుసుకున్నాను. పక్క క్వార్టర్ ఆంటీ అరుగు మీదినుంచి, "ఉరికేదానివి కూసున్నవేందే?" అని రోజూ అడిగేది, కూర్చోలేక పడుతున్న అవస్థ ఆమెకేం తెలుసు.

నాన్న ఒక్కటే నేర్పించాడు. "ఎనక్కి సూస్కోవాలె బిడ్డా. ఉరికినట్టు తల ముందటికే వెడితే లారీ కింద వడ్తవ్. మెడ తిప్పు, సైకిల్ తిప్పకు."

పరుగు కట్టుబాటు ఒకటి, సైకిల్ కట్టుబాటు దానికి సరిగ్గా ఎదురు. క్వార్టర్ల మధ్య ఖాళీ జాగాలో రోజుల తరబడి అదే సాధన, తొక్కడం, మెడ తిప్పడం, చూడటం. మెడ తిప్పినప్పుడల్లా సైకిల్ కూడా తిరిగి కాలువలో పడేదాన్ని.

చివరికి ఒక ఉదయం, వెలుగు వచ్చీరాని వేళ, కల్వర్టు దాటాను. మంచు లేదు గానీ రోడ్డు మీద పొగలా ఏదో ఆగి ఉంది. మలుపు దగ్గర పక్షులు ఊరుకున్నాయి. టైర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. సైకిల్‌తో సమానంగా ఏ అడుగులూ రాలేవు కదా అనుకుంటుండగానే మొదలైంది, చరక్, చరక్, పెడల్ ఎంత జోరుగా తొక్కితే అంత జోరుగా, నా వీపుకు బారెడు దూరంలో. ఆపైన రెండు చప్పట్లు. నా చేతులు హ్యాండిల్‌ను ఎడమవైపుకు లాగబోయాయి. ఎడమవైపు ఏముందో నాకు తెలుసు, చెట్లు, వాటి వెనక నల్ల నీళ్ళు. లాగకుండా ఉంటే, ఈసారి నిజంగానే లారీ అయితే? యేసయ్యా అని పైకే అరిచి, సైకిల్ తిప్పకుండా, మెడ ఒక్కటే తిప్పి, వెనక్కి చూశాను.

ఎవరూ లేరు.

దుమ్ములో నా టైర్ల గీత ఒక్కటే, మలుపు దాకా, సన్నగా, వంకర లేకుండా. లారీ లేదు, లలిత లేదు. సైకిల్ ఆపి, దిగి, రోడ్డు మధ్యలో కూర్చుని గుండెలు పగిలేలా ఏడ్చాను. అప్పుడు అర్థమైంది నాకు, అన్ని నెలలూ నేను వెనక్కి చూడనిది లలిత కనపడుతుందన్న భయంతో కాదు, కనపడదన్న భయంతో. దానికి భయపడి చూడకుండా పరుగెత్తినంతకాలం నా వెనక ఏదైనా రావచ్చు, ఏ పేరుతోనైనా రావచ్చు. ఆ ఉదయం ఆ అడవిలో ఆమె పేరు పెట్టి గట్టిగా పిలిచాను. లలితా, పోయి రా అన్నాను. ఏదీ పలకలేదు. కాసేపటికి పక్షులు మళ్ళీ మొదలుపెట్టాయి. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ చప్పట్లు నాకు వినపడలేదు.

సంఘంలోని ఒక సహోదరుడు ఇచ్చిన గేరు సైకిల్ మీద ఆ తర్వాతి ఏడు భద్రాచలం గోదావరి వంతెన దాకా జరిగిన ఆడవాళ్ళ పోటీలో దిగాను. మూడో స్థానం వచ్చింది. మొదటిది వచ్చిందని చెబితే సాక్ష్యానికి అందంగా ఉంటుంది గానీ అబద్ధం చెప్పి దేవుణ్ణి మహిమపరచలేను. నా ముందున్న ఇద్దరూ నాకన్నా బాగా తొక్కారు, నేను వెనక్కి చూసుకోవడం కొంచెం ఎక్కువైంది.

మొదటి రోజు లారీనుంచి నన్ను తప్పించింది ఎవరని మీరు అడుగుతారు. మంగిలమ్మ పిలుపు సరిగ్గా ఆ క్షణానికి నా చెవిన వేసింది దేవుడేనని పాస్టర్ గారంటారు. గోడ అవతల నిలబడింది మాత్రం దేవుడు పంపినది కాదని కూడా ఆయనే అంటారు. నా నీరసం, నా దుఃఖం అని డాక్టర్ అన్నాడు. ఎవరితోనూ నేను వాదించను. గుంత అంచున నన్ను ఆపింది ఎవరో నాకు తెలుసు, అది చాలు.

పోటీ తర్వాతి ఆదివారం ఈ సాక్ష్యం మందిరంలో నోటితో చెప్పాను. మీలో చాలామంది ఆ రోజు ఉన్నారు. చెప్పడం ముగించి, పాటకు ముందు అందరూ నిశ్శబ్దంగా ఉన్న ఆ కాస్త సమయంలో, నా వెనక తలుపు వైపునుంచి రెండు చప్పట్లు వినిపించాయి. కాళ్ళు ఎడమవైపుకు జరగబోయాయి. మెడ తిప్పి చూశాను.

గుమ్మంలో మంగిలమ్మ నిలబడి ఉంది, చెప్పులు చేతిలో పట్టుకుని, ఎక్కడ కూర్చోవాలో తెలియక, తన బిడ్డను పిలుచుకున్నట్టే నన్ను పిలుస్తూ. వెళ్ళి చెయ్యి పట్టుకుని తెచ్చి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆమెకు పాట రాదు. నాకు చప్పట్లు రావు. పాస్టరమ్మ పాట ఎత్తుకుంది, మంగిలమ్మ నా పైట కిందనుంచి నా చేతులు బయటికి తీసింది, ఇద్దరం కొట్టాం, లయ తప్పుతూనే.

ప్రియులారా, మీలో ఎవరి వెనకైనా ఇట్లాంటి చప్పుడు ఏదైనా వస్తూ ఉంటే, పోయిన మనిషిదో, పోని దుఃఖానిదో, దానికి లోబడి మట్టిలోకి దిగుతూ పోకండి, ఒక్కసారి యేసు పేరు పట్టుకుని మెడ తిప్పి చూడండి. ఆయన చీకట్లో చప్పుడు చేసి పిలిచేవాడు కాదు, పేరు పెట్టి పిలిచేవాడు. రండి, మా వరుసలో చోటుంది, మంగిలమ్మ పక్కన కూర్చుందురు గాని. ఇంతవరకు నన్ను నడిపించి, ఇప్పుడు తొక్కిస్తున్న నా దేవునికే మహిమ కలుగును గాక. ఆమెన్.